పల్లి వేర్లలో ఎరుపు, ఈస్ట్ చేసే పని

మేము ముగ్గురం ఒకే హాస్టల్ గదిలో ఉంటం. ఒకరిది గద్వాల దిక్కు, ఒకరిది వనపర్తి, ఇంకొకరిది నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్. ముగ్గురి ఇండ్లల్ల కాలేజీకి వచ్చింది మేమే మొదలు.

పల్లిచేన్ల కలుపు తీసినోళ్లు చూసే ఉంటరు. పూత మీదున్న మొక్కను పీకితే వేర్లకు చిన్న చిన్న బుడిపెలు ఉంటయి, గోటితో చిదిమితే లోపల ఎర్రగుంటది. ఆ ఎరుపు లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రొటీన్‌ది, మన నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌కు చుట్టం. బుడిపెలోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేటట్టు మారుస్తది. ఆ పనిచేసే ఎంజైమ్‌కు ఆక్సిజన్ తగిలితే చెడిపోతది, బ్యాక్టీరియా బతకడానికేమో ఆక్సిజన్ కావాలి. ఎంత కావాలో అంతే అందించేది ఈ ఎర్ర ప్రొటీన్.

సోయాలోని ఇదే రకం ప్రొటీన్ జన్యువును పిచియా అనే ఈస్ట్‌లో పెట్టి, అమెరికాలో ఇంపాసిబుల్ ఫుడ్స్ అనే కంపెనీ ట్యాంకుల్లో తయారుచేయిస్తున్నది. మాంసం లేని బర్గర్‌కు మాంసం రుచి రావాలని. (బర్గర్ సంగతి వాళ్లకే వదిలేద్దాం.) పిచియా మనకు దూరందేం కాదు. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకాలో ప్రొటీన్‌ను చేసింది ఇదే ఈస్ట్.

మొక్కలో వేల ప్రొటీన్లు కలగలిసి ఉంటయి. ఒక్కదాని పని తెలియాలంటే దాన్ని విడిగా చూడాలి. ఈస్ట్ ఒంటి కణమే, కల్లు పొంగేది దాని జాతి వల్లనే. కానీ మొక్కకున్నట్టే దానికీ కేంద్రకం ఉంది, అందుకే మొక్క ప్రొటీన్‌ను చాలాసార్లు బ్యాక్టీరియా కన్నా సరిగ్గా మడతపెడతది.

మాకు బాగా నచ్చింది 1992 నాటి ప్రయోగం. పొటాషియంను లోపలికి లాక్కునే శక్తి తీసేసిన ఈస్ట్‌ను తీసుకున్నరు. పొటాషియం తక్కువున్న చోట అది పెరగదు. దాంట్ల అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క జన్యువులు రకరకాలవి పెట్టి చూసిన్రు. సరైన జన్యువు పడ్డ కణాలే పెరిగినయి! రెండు బృందాలకు రెండు జన్యువులు దొరికినయి, వాటిల్ల ఏకేటీ1 అనేది వేర్లలో పనిచేస్తది. పొటాష్ బస్తాలు మోసినోళ్లం, ఆ పొటాష్ వేరులోకి పోయే తలుపు ఇదా అనిపించింది. అయితే ఈస్ట్‌లో తేలినదాన్ని మళ్లీ మొక్కలో చూసుకోవాల్సిందే. ప్రొటీన్‌కు చక్కెరలు తగిలించే తీరు రెండింటిలో వేరు.

ఇంటికాడ "డిగ్రీ అయితే చాలు, ఏదన్న నౌకరు చూసుకోరి" అంటున్నరు. ఇద్దరం సీపీగెట్ రాస్తున్నం. మూడో అతనికి ఇంట్ల ఇంకా ఒప్పుకోలేదు, పనికి మనిషి కావాలంటున్నరు. ఎమ్మెస్సీ బాటనీ, బయోటెక్నాలజీ చదివిన అన్నలు, అక్కలు ఉంటే చెప్పండి: ఫీజు ఎంతైంది, హాస్టల్ దొరికిందా, ల్యాబ్‌లో ఈస్ట్‌ను మీ చేతులతో పెంచనిచ్చిన్రా? మీరు రాసింది వాళ్ల నాయినకు చదివి వినిపిస్తం.