ద్రాక్ష పందిరి, సిర్కా జాడీ



ఉగాది రోజున కలిసినప్పుడు ముగ్గురు నలుగురు అడిగారు, "మీ ఇంట్లో ద్రాక్ష తోట ఉందటగా, వైన్ ఎప్పుడు పోస్తారు?" అని. అక్కడ నవ్వి ఊరుకున్నాం. జవాబు కాస్త పొడుగు, అందుకే ఇక్కడ రాస్తున్నాం. మా బడి చదువంతా తమిళంలోనే. తెలుగు రాయడం రైల్వేలో చేరాక నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ముందు తోట సంగతి. తోట అనడం పెద్ద మాట. ఇంటి వెనక 12 తీగలు, నాలుగు రాతి స్తంభాలు, పైన కంబి పందిరి, అంతే. తీగలు మాత్రం చాలా దూరం నుంచి వచ్చాయి. మా వాళ్లది తమిళనాడు తేని జిల్లాలోని కంబం లోయ. మార్కాపురం దగ్గరి కంబం వేరు, ఇది వేరు. అక్కడ తెలుగు మాట్లాడే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఆ లోయలో పండే నల్ల పన్నీర్ ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మేము 2016లో రిటైరై బీదరులో స్థిరపడినప్పుడు మా ఇంటావిడ తమ్ముడు తన తోట కొమ్మలను తడి గోనెసంచిలో చుట్టుకుని, రైళ్లు మారి మారి తెచ్చి ఇచ్చాడు.

బీదరు నేల మీకు తెలుసు. పైన ఎర్రమట్టి, పలుగు దిగితే జంబిట్ట రాయి. ఈ రాయిని తొలిచే బహమనీల కాలంలో నౌబాదు సురంగ బావి తవ్వారు. మేము తవ్వింది 12 గుంతలే, అయినా చేతులు బొబ్బలెక్కాయి.

ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో చేసేది కొమ్మ కోసం, అక్టోబరులో చేసేది కాయ కోసం. కంబంలో ఏడాది పొడవునా ఏదో ఒక తోటలో కాయ ఉంటుంది. ఇక్కడ ఫిబ్రవరి, మార్చిలో ఒక్క కాపే. అక్టోబరు కత్తిరింపు తర్వాత వాన పడిందా, ఆకు వెనక తెల్లటి బూజు తెగులు. దానికి బోర్డో మిశ్రమం కొడతాం. 10 లీటర్ల నీటికి 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం. విడివిడిగా కరిగించి ప్లాస్టిక్ బకెట్లో కలపాలి, ఇనుప బకెట్ పనికిరాదు. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో దారిన పోయేవాళ్లు పళ్లు కోయకుండా రైతులు ఈ నీలి మందు చల్లేవారట. చల్లిన తీగలకు తెగులు రాలేదని గమనించిన మిలార్డే అనే శాస్త్రవేత్త 1885లో దాన్ని లోకానికి చెప్పాడు. మా వీధి పిల్లలు కూడా ఆ నీలి రంగు చూస్తే పందిరి దగ్గరికి రారు.

2019 మార్చిలో మొదటి మంచి కాపు, 40 కిలోల దాకా వచ్చింది. అందరికీ పంచగా 10 కిలోలు మిగిలాయి. లాలాగూడ క్వార్టర్సులో ఉన్న రోజుల్లో పక్కింటి ఆంగ్లో ఇండియన్ కుటుంబం క్రిస్మస్‌కు వైన్ చేయడం చూశాం. అది గుర్తుపెట్టుకుని పళ్లు కడిగి, ఆరబెట్టి, చిదిమి, పంచదార, ఈస్ట్ వేసి పచ్చడి జాడీకి గుడ్డ కట్టాం. రోజూ చెక్క గరిటెతో కలిపేవాళ్లం. మూడో రోజుకే జాడీ బుసబుసలాడింది. మూడు వారాలకు వడకట్టి, తేర్చి, సీసాల్లో పోసి అటకెక్కించాం. ఎంత మురిసిపోయామో చెప్పలేం.

అక్టోబరులో కత్తిరింపుకు బావమరిది వచ్చాడు. తన సంగతి తన అనుమతితోనే రాస్తున్నాం. అప్పటికి తను తాగుడు మానేసి మూడేళ్లు. మాకు తెలియనిది కాదు. కానీ వైన్ అంటే పళ్ల రసమే కదా అనుకున్నాం. బీరులో ఆల్కహాలు 5 శాతం ఉంటే వైన్‌లో 12 శాతం దాకా ఉంటుందన్న ఆలోచనే రాలేదు. రాత్రి భోజనాల దగ్గర గొప్పగా గ్లాసు ముందు పెట్టి, "నీ తీగల పళ్లేరా, రుచి చూడు" అన్నాం. గ్లాసు అందుకుని, వాసన తగలగానే కింద పెట్టేశాడు.

"బావా, ఇదొక్కటీ నన్ను అడగొద్దు" అని లేచి వెళ్లాడు. ఆ రాత్రంతా పందిరి కిందే కూర్చున్నాడు. తెల్లారి రైలెక్కాడు. అప్పటికి ఆరు తీగలు కత్తిరించాడు, ఆరు మిగిలాయి.

మా ఇంటావిడ ఒక్క మాటే అంది. "ఆ సీసాలు ఇంట్లో ఉంటే వాడు మళ్లీ గడప తొక్కడు." ఆ తర్వాత మన సంఘంలోని ఒక వకీలు గారు ఇంకో మాట చెప్పారు. 1965 నాటి కర్ణాటక ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయకూడదట. 2007లో ప్రభుత్వం వైన్ పరిశ్రమకు ప్రోత్సాహమిస్తూ ఒక విధానం తెచ్చినా, అదీ లైసెన్సు ఉన్నవాళ్లకే. ఏళ్ల తరబడి కౌంటర్లో కూర్చుని జనానికి రూలు చూపించినవాళ్లం, మా ఇంటి రూలు చూసుకోలేదు.

సీసాలన్నీ విప్పి వెడల్పు మూతి జాడీలో పోసి, గుడ్డ కట్టి గాలికి వదిలేశాం. కొన్ని నెలలకు పుల్లటి సిర్కా అయింది. ఉల్లిపాయ ముక్కల్లోకి బాగుంటుంది. బావమరిదికి ఫోన్లో చెప్పాం. ఊఁ అని పెట్టేశాడు. తర్వాత కరోనా. మూడేళ్లు రాలేదు. మేము కత్తిరించిన తీగలు ఆకు తప్ప కాయ సరిగ్గా ఇవ్వలేదు.

2022 అక్టోబరులో చెప్పకుండా దిగాడు. సంచీ దించి నేరుగా పందిరి కిందికి వెళ్లి, "అక్కా, వీటిని ఎవరు కోశారు? మంగలి కూడా ఇంత ఘోరంగా కొయ్యడు" అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. అప్పటి నుంచి ఏటా వస్తున్నాడు. 12 తీగలూ తనే కత్తిరిస్తాడు.

కాబట్టి మిత్రులారా, మా ఇంట్లో వైన్ లేదు, ఉండదు. మార్చిలో రండి, కడుపునిండా పళ్లు తినండి. అక్టోబరులో వస్తే పెన్సిలంత లావున్న, నాలుగు కణుపుల కొమ్మలు తడి గోనెలో చుట్టి ఇస్తాం, డబ్బులొద్దు. మీ ఇళ్లలో తాగుడు మానుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, పండగ పేరుతోనో ప్రేమతోనో వాళ్ల ముందు గ్లాసు మాత్రం పెట్టకండి. మేము చేసిన తప్పు మీరు చేయకూడదనే ఇదంతా రాశాం.