కాపర్ సల్ఫేట్ గీసిన గీత

మా పెద్దమ్మ కూతురు కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఇంట్లో ఏ ఫంక్షన్ జరిగినా తనకి ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "ఏం మందు కనిపెట్టావమ్మా?" మొన్న సెలవుల్లో తన రీడింగులకి గ్రాఫులు గీసిపెట్టమని నాకో ఎక్సెల్ షీట్ పంపింది. ఆ షీట్ అర్థం కావాలంటే ముందు షిఫ్ బేస్ అంటే ఏంటో తెలియాలి.

హ్యూగో షిఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1864లో వీటి గురించి రాశాడు. ఆల్డిహైడ్‌ని ప్రైమరీ అమీన్‌తో కలిపితే ఒక నీటి అణువు బయటికి పోయి, కార్బన్‌కీ నైట్రోజన్‌కీ మధ్య డబుల్ బాండ్ ఏర్పడుతుంది. అదే షిఫ్ బేస్. ఇదేదో లాబ్‌కే పరిమితమైన వింత కాదు. మన కంట్లో రెటినాల్ తన ప్రొటీన్‌ని పట్టుకుని ఉండేది కూడా ఇలాంటి బంధంతోనే. అంటే మీరు ఈ లైన్ చదవగలగడంలో దానికీ వాటా ఉంది.

శాలిసిలాల్డిహైడ్, ఇథిలీన్ డైఅమీన్ కలిపితే శాలెన్ అనే పసుపు పచ్చటి పదార్థం వస్తుంది. దానికి నికెల్ ఉప్పు చేరిస్తే ఇటుక రంగులోకి మారుతుంది. రెండు నైట్రోజన్లు, రెండు ఆక్సిజన్లు కలిసి లోహాన్ని పీత డెక్కలతో పట్టినట్టు పట్టేస్తాయి. అప్పుడు లోహం మీది ధనావేశం కొంత వాటికి పంచబడుతుంది, ధ్రువత్వం తగ్గుతుంది, బాక్టీరియా కొవ్వు పొరలోంచి దూరడం తేలికవుతుంది. లోహం చేరాక మందు గుణం పెరగడానికి పేపర్లలో ఎక్కువగా చెప్పే కారణం ఇదే.

పరీక్ష కూడా సింపులే. బాక్టీరియా పూసిన అగార్ ప్లేట్‌లో గుంట చేసి పదార్థం పోస్తారు. బాక్టీరియా పెరగని చోట గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. దాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు.

అక్క షీట్‌లో ప్రతి కాంప్లెక్స్ పక్కనా ఇంకో నాలుగు కాలమ్స్ ఉన్నాయి: విడి లిగాండ్, విడి లోహపు ఉప్పు, వట్టి డీఎంఎస్‌ఓ, ఒక మామూలు యాంటీబయాటిక్. ఒక రోలో మాత్రం కాపర్ కాంప్లెక్స్ ఖాళీ, వట్టి కాపర్ సల్ఫేట్ ఖాళీ దాదాపు సమానంగా ఉన్నాయి. మూడేళ్ల పనిలో తనకి బాగా ఇష్టమైన కాంపౌండ్ అదే.

"ఇది థీసిస్‌లో పెడతావా అక్కా?" అని అడిగా.

"అదే ముందు పెడతారా. రాగి తనంతట తనే సూక్ష్మజీవుల్ని చంపుతుంది. నేను కట్టిన అణువు అంతకంటే ఎక్కువ ఏం చేసిందో చెప్పలేకపోతే నేను చేసిందేంటి?"

ఇంకో మాట కూడా చెప్పింది. ఖాళీ చిన్నదైతే మందు బలహీనమని కాదు, పెద్ద అణువు అగార్‌లో నెమ్మదిగా పాకి ఉండొచ్చు. పెద్దదైతే మందు దొరికినట్టూ కాదు, అది మన కణాల్ని కూడా చంపుతుందేమో చూడాలి. ప్లాటినంతో చేసిన సిస్‌ప్లాటిన్‌నే తీసుకోండి. అది షిఫ్ బేస్ కాదు గానీ లోహపు మందే. రోజెన్‌బర్గ్ బృందం 1965లో బాక్టీరియా మీద దాని ప్రభావాన్ని ప్రకటిస్తే, అమెరికాలో కాన్సర్ మందుగా అనుమతి వచ్చేసరికి 1978 అయింది. ఇప్పటికీ దాన్ని ఇచ్చేటప్పుడు కిడ్నీల్ని కనిపెట్టుకుని ఉండాల్సిందే.

గ్రాఫ్ గీసి పంపాను. కాపర్ సల్ఫేట్ విలువ దగ్గర అడ్డంగా ఒక చుక్కల గీత పెట్టమంది. చాలా బార్లు ఆ గీత దాటలేదు, రెండు మాత్రం దాటాయి. ఇప్పుడు అక్క పని ఆ రెండింటి మీదే.

మన ప్రాజెక్టుల్లో ఎవరైనా అక్యూరసీ ఇంత వచ్చిందని చూపిస్తే, ఈమధ్య నా కళ్ళు ముందు ఆ చుక్కల గీత కోసమే వెతుకుతున్నాయి.