గండికోట ఫొటోలో లోతేదీ?

కడప జిల్లా జమ్మలమడుగు మీదుగా గండికోట చేరేసరికి చాలామందికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్నా చెక్కిన లోయ కళ్లు తిప్పుకోనివ్వదు. ఇంటికొచ్చి చూసుకుంటే ఫొటోలో ఎర్రటి గోడ... అంతే! తప్పు కెమెరాది కాదు, నడినెత్తిన ఉన్న సూర్యుడిది. పొద్దుపొడిచే వేళ ఏటవాలు వెలుగుకి ప్రతి బండా నీడ పరుస్తుంది, లోతు తెలుస్తుంది. దగ్గర్లో ఓ రాయినీ ఫ్రేములోకి తీసుకుంటే లోయ ఎంత పెద్దదో అర్థమవుతుంది. అలాగని అంచుకి వెళ్లి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు సుమా!

ఈ ఫొటోలతో సొంత వెబ్‌సైట్‌ పెట్టాలనుకుంటే తీసిన రెండొందలూ ఎక్కించకండి. చూసేవాళ్లకి ఓపికుండాలిగా! పది చాలు. సైజు తగ్గిస్తే పేజీ త్వరగా తెరుచుకుంటుంది. అసలు ఫైళ్లు విడిగా దాచుకోవాలి. ఒక్కోదాని కింద ఏ నెలలో, ఎన్నింటికి తీశారో రాస్తే... తర్వాత వెళ్లేవాళ్లు ఆ వేళకే బయల్దేరతారు.