చెరువు ఒడ్డున గుడారములు



గుడారమను మాట మన సంఘములలో అందరికిని తెలిసినదే. అబ్రాహాము గుడారములలో నివసించెననియు, ఇశ్రాయేలీయులు నలువది సంవత్సరములు అరణ్యములో గుడారములు వేసికొనుచు, విప్పుకొనుచు నడచిరనియు మన చిన్నపిల్లలు సైతము చెప్పగలరు. అయితే మనలో గుడారములో పండుకొన్నవారు ఎందరు? పెండ్లి పందిరిని, కూటముల షామియానాను మనము ఎరుగుదుము. నెత్తిపైన పలుచని గుడ్డ ఒక్కటే ఉండగా, అడవి ప్రక్కన, నేలమీద రాత్రంతయు గడపుట వేరు సంగతి.

ఇశ్రాయేలీయులు కనాను చేరి ఇండ్లు కట్టుకొన్న తరువాత కూడ పర్ణశాలల పండుగ ఆచరింపవలెనని దేవుడు నియమించెను. పంట కూర్చుకొన్న పిమ్మట ఏడు దినములు వారు కొమ్మలతో కట్టిన పాకలలో ఉండవలెను. గాదెలు నిండిన వేళనే ఇల్లు విడిచి రమ్మనుటలో గొప్ప జ్ఞానమున్నది. గాదె నిండినవాడు తన చేతిబలమే దానిని నింపినదని తలంచును. ఆకుల సందులనుండి నక్షత్రములను చూచుచు పండుకొన్నవానికి ఆ తలంపు ఎంతోసేపు నిలువదు.

మా ఊరు ములుగు జిల్లా గోవిందరావుపేట మండలములో, లక్నవరము చెరువు ఆయకట్టులో ఉన్నది. కాకతీయ రాజుల కాలములో కట్టిన చెరువు అది. చుట్టును అడవితో నిండిన కొండలే దానికి గోడలు. ఆ కొండల నడుమ నీరు జారిపోవు ఇరుకైన లోయలను కట్టలతో మూసిరి. దేవుడు నిలిపిన కొండలు చాలవరకు పని చేయగా, విడిచిన సందులను మాత్రము మనుష్యులు పూరించిరి. కాకతీయుల రాజ్యము 1323లో కూలిపోయెను. తరతరములవారు మరమ్మతు చేయుచు వచ్చిన కట్ట మాత్రము నేటికిని నీరు నిలుపుచున్నది. అక్కడికి కొంత దూరములోనున్న రామప్ప గుడిని 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. దూరదేశములవారు వచ్చి ఆ రాళ్ళను చూచి ఆశ్చర్యపడుదురు. ఆ రాజుల కాలపు మట్టికట్ట మన వరిమడికి నీరిచ్చుచున్నదని ఆశ్చర్యపడువారు మాలో అరుదు.

చెరువు నడుమ దీవులున్నవి. వాటికి పోవుటకు ఉయ్యాల వంతెనలు కట్టిరి. శనివారము వచ్చిన యెడల పట్టణములనుండి కార్లలో జనము వచ్చి, ఒడ్డున గుడారములలో ఒక రాత్రి ఉండి పోవుదురు. ఆ నీటితో పండిన బియ్యము తినువారము మేము మాత్రము ఒక్క రాత్రియైనను దాని ప్రక్కన ఉండినవారము కాము. పండుగనాడు పోయి, పడవ ఎక్కి, సాయంత్రమునకు ఇల్లు చేరువారమే.

మా సంఘములో రెండు కుటుంబముల నడుమ రెండేండ్లుగా మాటలు లేవు. ఇద్దరి పొలములును ఒకే పిల్లకాలువ మీద నున్నవి. ఒకటి ఎగువన, మరియొకటి దిగువన. యాసంగిలో నీరు తక్కువైన ఒక రాత్రి ఎగువ మడవ తెల్లవారువరకు మూయబడలేదు. దిగువ నారు ఎండెను. మొదట మాటలు పెరిగెను, తరువాత కర్రలు లేచెను. ఎవరి పాలు ఎంతయో ఇక్కడ వ్రాయుట నా పని కాదు. ఆదివారము ఒక ఇంటివారు కుడిప్రక్క కూర్చుండిన యెడల రెండవ ఇంటివారు ఎడమప్రక్క కూర్చుందురు. ప్రభువు బల్ల యొద్దకు ఒకరు వచ్చిన దినమున మరియొకరు రారు. సంఘ పెద్దలు రెండుమారులు పోయి మాటలాడిరి గాని ఫలము కలుగలేదు. ఆ రెండు ఇండ్ల కుమారులును నా ఆదివార బడిలో చదివి పెరిగినవారే. చిన్ననాడు ఒకే పలకపై వ్రాసినవారు ఇప్పుడు దారిలో ఎదురైన యెడల తల త్రిప్పుకొనుచుండిరి.

గత జనవరి మాసములో, వానకాలపు వడ్లు అమ్ముడుపోయిన తరువాత, మా యౌవనులతో చెరువు ఒడ్డున రెండు రాత్రులు ఉండవలెనని పెద్దలు తీర్మానించిరి. పదుముగ్గురు పిల్లలు, ఒక సంఘ పెద్ద, నేను. మొత్తము పదునైదుగురము. ఒక తల్లి నా యొద్దకు వచ్చి, "సారూ, తాడ్వాయి అడవిల గాలికి చెట్లన్ని ఎట్ల కూలినయో చూసినం గద, పిల్లలకు భద్రమేనా?" అని అడిగెను. 2024 ఆగస్టు 31న వీచిన ఆ పెనుగాలికి వేలకొలది చెట్లు పడిపోయిన సంగతి మా ప్రాంతమువారు ఇంకను మరువలేదు. అది వానకాలపు గాలియనియు, మనము పోవునది చలికాలములోననియు, పెద్ద చెట్ల క్రింద గుడారము వేయమనియు చెప్పితిని. ఆమె ఒక దుప్పటి ఎక్కువ ఇచ్చి పంపెను.

ఐదు గుడారములు అద్దెకు తీసికొంటిమి. ఎవరు ఎవరితో ఉండవలెనో చీట్లు వేసితిమి. ఆ ఇద్దరు యౌవనుల పేర్లును ఒకే గుడారమునకు వచ్చెను. వారితో మూడవవాడు పదునొకండేండ్ల పిల్లవాడు. చీటి మార్చుమని ఇద్దరును నా ముఖము చూచిరి. నేను నీళ్ళ వైపు చూచితిని.

ఆ గుడారములు నిలుపు విధము చెప్పవలెను. వంగెడు సన్నని పుల్లలు రెండు ఉండును. వాటిని గుడ్డమీద అడ్డముగా, ఒకదానిపై ఒకటి దాటునట్లు పరచి, ఒక మూల ఒకడు గట్టిగా పట్టుకొని యుండగా ఎదుటి మూలనున్నవాడు పుల్లను విల్లువలె వంచవలెను. ఒక్కడే వంచబోయిన యెడల రెండవ కొన జారి లేచును. ఇద్దరు యౌవనులును ఎదురెదురు మూలల కూర్చుండిరి. ఒకరితో ఒకరు మాటలాడరాదు గదా! చిన్నవాడు నడుమ నిలిచి, "అన్నా, ఆ అన్న గట్టిగ పట్టుకోమంటుండు," "అన్నా, ఈ అన్న జర ఆగుమంటుండు" అని రెండు గజముల దూరమునకు కబురులు మోసెను. మూడవ కబురునకు వాడే నవ్వెను. వారు నవ్వలేదు గాని గుడారము నిలిచెను.

సాయంకాలము నీటికాకులు దీవుల చెట్లమీద రెక్కలు ఆరవేసికొనుచుండెను. సూర్యుడు కొండ వెనుకకు దిగగా నీరు మొదట ఎఱ్ఱనై, తరువాత సీసమువలె నల్లనాయెను. నిర్వాహకులు చూపిన చోట పొయ్యి వెలిగించి, అన్నము, చేపల పులుసు వండితిమి. గలిలయ సముద్రమని మనము చదువునది నిజముగా మంచినీటి సరస్సే. ప్రభువు తిరిగి లేచిన తరువాత ఆ ఒడ్డున నిప్పులమీద చేపలు సిద్ధపరచి శిష్యులను భోజనమునకు పిలిచిన సంగతి ఆ రాత్రి చెప్పుకొంటిమి. తన్ను ఎరుగనన్న పేతురును అడుగుటకు ముందు ఆయన అతనికి అన్నము పెట్టెను. ఈ సంగతి ఆకలిగొన్న పిల్లలకు వేగముగా అర్థమాయెను.

మరునాడు తెల్లవారగానే ఆ మువ్వురును తడిసిన దుప్పటులతో బయటికి వచ్చిరి. "రాత్రి వాన పడ్డదా సారూ?" అని అడిగిరి. వాన లేదు. చలికి భయపడి వారు గుడారమునకున్న గాలి సందులన్నిటిని మూసికొనిరి. మువ్వురి ఊపిరిలోని ఆవిరి చల్లని గుడ్డకు తగిలి, నీటిబొట్లై, వారి మీదనే కారెను. కొంచెము సందు విడిచినవారి దుప్పటులు ఇంత తడియలేదు. అన్నిటిని మూసికొన్న చోట మన ఊపిరియే మనలను తడిపి వణికించునని వారికి చెప్పితిని. అంతకుమించి వివరింపలేదు. పెద్దవారిద్దరును దుప్పటి చెరియొక కొన పట్టుకొని పిండుచుండిరి.

ఎండ వచ్చిన తరువాత కట్టమీదికి పోతిమి. టేకు, ఇప్ప, తునికి, వెదురు నిండిన కొండలు ఒక ప్రక్క. ఒడ్డువరకు నీరు మరియొక ప్రక్క. తూము యొద్ద ఒక వృద్ధుడు కూర్చుండి యుండెను. ఆయన తండ్రి ఒక ఊరిలో నీరటికాడుగా పనిచేసి, వంతుల ప్రకారము మడులకు నీరు పారించినవాడట. పిల్లలు అడుగగా ఆయన ఇట్లు చెప్పెను. "కట్ట మీద నిలవడి చూస్తే ఎవరి మడి ఏదో కనవడదు బిడ్డా. నీళ్ళు ఎంతున్నయో అదొక్కటే కనవడ్తది. నీళ్ళు తక్కువున్న ఏడు చివరి మడిని చూసి లెక్క కట్టాలె. మొదటి మడికి ఎట్లన్న అందుతయి."

ఆ మధ్యాహ్నము చెట్టు నీడను ఇస్సాకు బావుల కథ చదివితిమి. ఇస్సాకు గెరారు లోయలో గుడారము వేసికొనెను. అతని దాసులు బావి త్రవ్వగా అక్కడి కాపరులు ఆ నీరు తమదేయని జగడమాడిరి. అతడు దానికి ఏశెకు, అనగా జగడమని పేరు పెట్టెను. రెండవ బావికిని జగడము కలుగగా శిత్నా, అనగా విరోధమని పేరు పెట్టెను. అక్కడనుండి కదలి త్రవ్విన మూడవ బావికి ఎవరును అడ్డము రాలేదు. దానికి రహెబోతు, అనగా ఎడము అని పేరు పెట్టెను.

దిగువ పొలము ఇంటి కుమారుడు అప్పుడు తల ఎత్తి అడిగెను. "ఆయన తవ్విచ్చిన బావే గద సారూ. ఆయననే ఎందుకు ఇడిసిపెట్టి పోవాలె? నష్టపోయినోడే ప్రతిసారి జరగాల్నా?"

మన ప్రసంగములలో ఈ ప్రశ్నను మనము తరచుగా దాటిపోవుదుము. సహించుమని నష్టపోయినవానికి చెప్పుట సులభము. నేను ఇట్లు జవాబిచ్చితిని. ఇస్సాకు ముందర మరియొక లోయ యుండెను, త్రవ్వుటకు దాసులుండిరి. అతడు కదలగలడు గనుక కదలెను. కాలువ చివరనున్న రైతు తన పొలమును ఎత్తుకొని మరియొక లోయకు పోలేడు. అందుచేత మన కాలువ మీద ఎడము చేయవలసినవాడు నీరు ముందుగా అందుకొన్నవాడే. ఎవని చేతిలో మడవ యున్నదో వాని చేతిలోనే సమాధానము కూడ ఉన్నది. ఎగువ పొలము ఇంటి కుమారుడు ఏమియు అనలేదు. పుల్లతో నేలమీద గీతలు గీయుచుండెను. రెండవ రాత్రి ఆ గుడారములో గాలి సందు తెరచి యుంచిరి. చాలసేపు మెల్లని మాటలు వినవచ్చినవి. నేను చెవియొగ్గలేదు.

తరువాత జరిగినది ఉన్నదున్నట్లు చెప్పెదను. ఫిబ్రవరిలో నీటి వంతు వచ్చినప్పుడు ఎగువ ఇంటి కుమారుడు అర్ధరాత్రి టార్చి పట్టుకొని పోయి, తమ గడియ ముగియగానే తన చేతులతో మడవ కట్టెను. తండ్రి కోపించెననియు, వాడు ఎదురు చెప్పక మరుసటి వంతునకు కూడ అట్లే చేసెననియు వింటిని. ఆ వారములోనే ఇద్దరు యౌవనులును కలిసి కాలువలోని తుంగను పెరికి శుభ్రపరచిరి. ఏప్రిల్ కోతలలో ఎగువ పొలమునకు పోవు కోత యంత్రమునకు దారి కావలసివచ్చెను. దిగువ రైతు తన గట్టు కొంత త్రవ్వి దారి యిచ్చెను. తండ్రులిద్దరు ఒకరి ఇంటికి ఒకరు ఇంకను పోలేదు. అయినను మొన్న ప్రభువు బల్ల దినమున రెండు ఇండ్లవారును మందిరములోనే యుండిరి. ఎండిన కాలువలో మొదట వచ్చు నీరు సన్ననిదే. దానిని త్రొక్కి చెరుపకుండ కాపాడవలెను.

సహోదర సహోదరీలారా, మీ ప్రాంతములోను కొండల నడుమ ఒక చెరువో వాగో ఉండును. వరంగల్లు జిల్లావారికి పాకాల చెరువున్నది. పంట ఇల్లు చేరిన తరువాత మీ పిల్లలను అక్కడికి తీసికొని పోవుడి. ఆడపిల్లలను మరువకుడి. మా సంఘములో ఫిబ్రవరి మాసమున అమ్మగారు వారిని తీసికొని పోయిరి. ముందుగా అనుమతి పొందుడి. ఈత వచ్చినను నీటిలో దిగనియ్యకుడి. పడవ ఎక్కినప్పుడు తేలుడు చొక్కాలు తొడిగించుడి. ఎండుటాకుల దగ్గర నిప్పు పెట్టకుడి. బయలుదేరునప్పుడు బూడిదమీద నీళ్ళు పోసి, మీ చెత్తయంతయు సంచిలో కట్టి మోసికొని రండి. గుడారము విప్పిన చోట వంగిన గడ్డి తప్ప మరేమియు మిగులరాదు.

తట్టలతో మన్ను మోసి ఆ కట్టలు కట్టినవారు మన ముఖములను చూడలేదు. అయినను వారు నిలిపిన నీరు మన మడిలో నిలిచియున్నది. మన తరువాత ఎవరి మడి యున్నదో ఈ యాసంగిలో వెళ్ళి చూడుడి. మీ వంతు గడియ ముగిసినప్పుడు, చీకటియైనను, చలియైనను, లేచి మడవ కట్టుడి. మనలను తన మందిరములో ఒక్కటిగా కూర్చుండబెట్టిన ప్రభువు మన పొలము గట్లమీద కూడ మనకు ఎడము కలుగజేయును గాక.