మెరుపు – విలువ

పాతవస్తువుకు రెండు విలువలుంటాయి. ఒకటి త్రాసు చెప్పేది, మరొకటి మనస్సు చెప్పేది. మొదటిదాన్ని తెలిసికొనడానికి పరీక్ష కావాలి. రెండవదానికి అనుబంధమే చాలు.

ఎల్బీనగర్‌లోని ఒక ఇంట్లో మనుమరాలు దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీపరీక్షల శిక్షణకు చేరవలసి ఉంది. రుసుము సమకూడలేదు. నానమ్మ ట్రంకుపెట్టె తెరచి పన్నెండు చెంచాలనూ, ఒక ఉగ్గుగిన్నెనూ బయటకు తీసింది. 1947లో సికింద్రాబాదు కంటోన్మెంటును విడిచి వెళ్తూ దొరలు అమ్మిన సామానులో ఆమె మామగారు కొన్న చెంచాలవి. అవి వెండివేనని ఇంటిల్లిపాదీ నమ్మారు.

మనుమరాలు చెంచా కాడను తిప్పి చూసింది. ‘ఇ.పి.ఎన్.ఎస్.’ అన్న ఆంగ్లాక్షరాలు కనిపించాయి. నికెల్ సిల్వర్‌పై విద్యుత్తు సాయంతో వెండిపూత వేశారని వాటి అర్థం. జర్మన్ సిల్వర్ అని కూడా పిలిచే ఈ మిశ్రమలోహంలో వెండి పేరుకే ఉంది. నిజానికి ఉన్నవి రాగి, నికెలు, జింకు. 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్ కుటుంబీకులు విద్యుత్ పూత పద్ధతికి పేటెంటు పొందారు. ఆపై వెండి కొనలేని ఇళ్ళకు కూడా వెండి మెరుపు చేరింది.

“నల్లబడుతున్నాయి గద బిడ్డా, వెండి గాకుంటే ఎట్ల నల్లబడతయి?” అన్నది నానమ్మ. పైపూత వెండే కనుక గాలిలోని గంధక సమ్మేళనాలకు అదీ నల్లబడుతుంది. అయస్కాంతానికి అంటకపోవడం కూడా రుజువు కాదు. జర్మన్ సిల్వర్ సైతం సాధారణంగా అంటదు. చెంచా బల్లకు ఆనే అడుగుభాగంలో పూత అరిగి, పసుపుఛాయ లోహం తొంగిచూస్తున్నది. పైన పటారం, లోన లొటారం!

అయినా ఆమె కళాశాల ప్రయోగశాలలో నీటి పరీక్ష చేసింది. పన్నెండు చెంచాల బరువు 264 గ్రాములు. అవి తొలగించిన నీరు 30 మిల్లీలీటర్లు. అచ్చమైన వెండి సాంద్రత సుమారు 10.5 కనుక అవి వెండివైతే 25 మిల్లీలీటర్లే తొలగవలసింది. సందేహం తీరిపోయింది.

ఉగ్గుగిన్నెపై ఏ ముద్రా లేదు. వెండికి భారతీయ ప్రమాణాల సంస్థ హాల్‌మార్కు 2005లో మొదలైంది. అంతకు ముందటి వస్తువుపై అది లేకపోవడం దోషం కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లోని దుకాణంలో గిన్నెను ఒరగల్లుపై గీచి, ఎక్స్‌రే యంత్రంలో చూశారు. వెయ్యింట 900 పాళ్ళు వెండి! బరువును స్వచ్ఛతతో, ఆనాటి ధరతో గుణించి వెలకట్టారు. పనితనానికి అక్కడ లెక్కలేదు. పూత చెంచాల సంగతి వేరు. వాటిని తూకానికి కొనరు. తయారీదారు పేరు, జత పూర్తిగా ఉండడం, పూత చెడకపోవడం చూసి, ఆసక్తి గలవారే కొంటారు.

మనుమరాలు గిన్నెను వెనుకకు తీసుకోబోయింది. నానమ్మ ఆమె చేయి పట్టుకొన్నది.

“ఈ గిన్నెతోనే మీ నాయనకు ఉగ్గు పోసిన బిడ్డా. ఇప్పుడు నీ చదువుకు అక్కరకొస్తే అంతకన్న ఏం గావాలె?”

వచ్చిన సొమ్ము మొదటి వాయిదాకు సరిపోయింది. పెట్టెలో దాగిన చెంచాలు మాత్రం ఇంటికి తిరిగివచ్చాయి. వెండి కాదని తేలాక వాటిని దాచవలసిన పని లేకపోయింది. ఆ రాత్రి ఆ ఇంట్లో తొలిసారిగా అవి పాయసం గిన్నెలలోకి దిగాయి.