ఒక్క చెంచా ఎక్కువ



రెండు వారాలుగా ఇక్కడ ఏమీ రాయలేదు. కొందరు ఫోన్ చేసి, "అయ్యగారూ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. నేను బాగానే ఉన్నాను. మా ఇంట్లో రెండున్నర నెలల మనవడున్నాడు, వాడి వల్ల రాత్రుళ్ళు నిద్ర లేదు. అయితే ఈ రోజు రాయవలసింది వాడి గురించి కన్నా నా గురించే. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

మా అమ్మాయి కాన్పుకు మా ఇంటికి వచ్చిన సంగతి మీకు తెలుసు. కాన్పయ్యాక తను వాడవలసి వచ్చిన మందుల వల్ల బిడ్డకు తన పాలు ఇవ్వకూడదని డాక్టర్లు చెప్పారు. డబ్బా పాలు మొదలుపెట్టాం. ఆ కారణం మేము బయట ఎవరికీ చెప్పలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు సీసా చూసి, "అదేంటమ్మా, పాలు పడలేదా?" అనేవారు. అమ్మాయి నవ్వి ఊరుకునేది. వాళ్ళు వెళ్ళాక గదిలోకి పోయి తలుపు వేసుకునేది.

వాళ్ళను నేనేమంటాను? ఒక ఆదివారం నేనే, హన్నా సమూయేలును పాలు మాన్పించేవరకు తన దగ్గర ఉంచుకుని పెంచిన సంగతి చెబుతూ, "ఈ కాలం తల్లులు సీసా నోట్లో పెట్టి చేతులు దులుపుకుంటున్నారు" అన్నాను. అందరూ నవ్వారు. వెనక చాప మీద మా అమ్మాయి బిడ్డకు సీసా పట్టుకుని కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. ఆ మాట నేను ఆ పూటే మరిచిపోయాను. తను మరిచిపోలేదు.

ఇక బిడ్డ సంగతి. పాలు తాగిన ప్రతిసారీ కక్కేవాడు. భుజం మీద వేసుకుంటే చొక్కా తడిసేది. వీపు విల్లులా వంచి ఏడ్చేవాడు. దండెం నిండా తువ్వాళ్ళే. దిష్టి తగిలిందని ఒకరు, వాము నీళ్ళు పట్టమని ఒకరు, పాలు పల్చగా ఉన్నాయి కాబోలు చిక్కగా కలపమని ఇంకొకరు. నేను ప్రార్థన చేశాను. చేసి, ఆ చివరి సలహా పట్టుకున్నాను.

రాత్రి రెండు గంటల సీసా నా వంతు, తెల్లవారుజాము సీసా కూడా నాదే. 150 ఎం.ఎల్. నీళ్ళకు డబ్బాలోని కొలత చెంచాతో అయిదు చెంచాల పొడి వేయాలి. నేను ఆరోది కూడా వేసేవాణ్ణి. కక్కినదంతా పోతోంది కదా, కడుపులో మిగిలేదైనా బలంగా ఉండాలని. ఎవరికీ చెప్పలేదు.

చివరకు పట్నంలో పిల్లల డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాం. బరువు తూచారు, అయిదు కిలోలు. కక్కింది ఏ రంగులో ఉంటోంది, దూరంగా పిచికారీలా చిమ్ముతోందా, రోజుకు ఎన్నిసార్లు ఒంటికి పోస్తున్నాడు, అన్నీ అడిగారు. పుట్టినప్పటి నుంచి బరువు పెరిగిన లెక్క చూసి, "బాగానే పెరుగుతున్నాడు. అన్నవాహిక చివర, కడుపు మీద ఉండే కండరం ఈ వయసులో ఇంకా గట్టిపడదు. మూత వదులుగా ఉన్న సీసా లాంటిది. నిండుగా పోసి పడుకోబెడితే బయటికొస్తుంది. నాలుగో నెల వరకు ఇది ఎక్కువగా ఉంటుంది. ఏడాది నిండేసరికి చాలామందికి దానంతటదే పోతుంది" అన్నారు.

తర్వాత లెక్క వేశారు. కిలో బరువుకు రోజుకు సుమారు 150 ఎం.ఎల్. అంటే అయిదు కిలోల బిడ్డకు 750. మేము ఏడ్చినప్పుడల్లా 150 చొప్పున రోజుకు ఎనిమిది సార్లు పడుతున్నాం. అంటే 1200.

"పొడి ఎంత కలుపుతున్నారు?" అన్నారు. "అయిదు చెంచాలండి, డబ్బా మీద ఉన్నట్టే" అంది అమ్మాయి. నేను గొంతు సవరించుకుని, "రాత్రిపూట ఆరు" అన్నాను. అమ్మాయి నా వైపు చూసింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. చిక్కటి పాలు లేత మూత్రపిండాలకు భారమని, బిడ్డ ఒంట్లో నీరు తగ్గిపోతుందని, మలబద్ధకం వస్తుందని, కక్కడం కూడా ఎక్కువ కావచ్చని చెప్పారు. నీళ్ళు ఎక్కువ పోసి పల్చన చేసినా హానే. ముందు నీళ్ళు కొలిచి, తర్వాత చెంచా తలకొట్టుగా పొడి. అంతే.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. మా ఊరి మలుపు దగ్గర అమ్మాయి మెల్లగా అంది: "నాన్నా, నా పాలు ఇవ్వనందుకే వాడికి ఇలా అవుతోందని నెల రోజులుగా అనుకుంటున్నాను."

ప్రియులారా, మన్నా గురించి నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. ఆ దినానికి కావలసినంతే కూర్చుకోమంటే, కొందరు మిగుల్చుకున్నారు. అది పురుగుపట్టింది. ఆ ఎక్కువ కూడా వాళ్ళు పిల్లల కోసమే దాచి ఉంటారు. ఆరో చెంచా వేసినప్పుడు నాకు ఆ అధ్యాయం గుర్తు రాలేదు.

ఇప్పుడు 90 ఎం.ఎల్., మూడు చెంచాలు, మూడు గంటలకోసారి. సీసా తలకిందులు చేస్తే పాలు ధారగా పడకుండా చుక్క చుక్కగా పడే పీక మార్చాం. గాలి మింగకుండా పీక నిండా పాలు ఉండేలా సీసా వంచి పడతాం. సగంలో ఆపి త్రేన్పు తెప్పిస్తాం. తాగాక అరగంట ఊపకుండా భుజం మీద నిటారుగా ఎత్తుకుంటాం. పడుకోబెట్టేది వెల్లకిలానే, దిండు లేకుండా. గొంతుకు అడ్డం పడుతుందేమోనని భయపడ్డాం. అలా పడుకుంటే గాలి గొట్టం అన్నవాహికకు పైన ఉంటుంది, బోర్లా కన్నా అదే క్షేమమని డాక్టరమ్మ చెప్పారు. మందులేమీ రాయలేదు.

వాడు ఇంకా కక్కుతున్నాడు. కానీ కొంచెమే, ఏడవకుండా.

మీ ఇళ్ళలో పసిబిడ్డలుంటే ఒక్క మాట. కక్కింది ఆకుపచ్చగా ఉన్నా, నెత్తురు కనబడినా, ప్రతిసారీ దూరంగా చిమ్ముతున్నా, బిడ్డ బరువు పెరగకపోయినా, పాలు ముట్టకపోయినా, ఒంటికి పోయడం తగ్గినా, జ్వరం వచ్చినా, ఊపిరికి ఎగబోస్తున్నా ఆలస్యం చేయకండి. ప్రార్థన చేసుకుంటూనే ఆసుపత్రికి బయలుదేరండి.

పోయిన ఆదివారం ప్రసంగానికి ముందు, మా అమ్మాయి అనుమతి తీసుకుని, ఆనాటి నా మాట తప్పని సంఘం ముందు ఒప్పుకున్నాను. తల్లిపాలకు సాటి లేదన్నది నిజమే. ఇవ్వలేని తల్లికి ఆ సంగతి అందరికన్నా ముందే తెలుసు. ఆరాధన అయ్యాక, ఎప్పుడూ వెనక కూర్చునే ఒక అక్క మా అమ్మాయి దగ్గరకొచ్చి, "నా పెద్దోడు కూడా డబ్బా పాలేనమ్మా" అంది. ఇరవై ఏళ్ళుగా ఆవిడను ఎరుగుదును. నాకు ఎప్పుడూ చెప్పలేదు. నా ప్రసంగాలు విన్నాక ఎలా చెబుతుంది?

రాత్రి రెండు గంటల సీసా ఇప్పటికీ నాదే. తాగాక వాణ్ణి భుజాన వేసుకుని వసారాలో నిలబడి, ఆ అరగంటా మీ పేర్లు ఒక్కొక్కటిగా తలచుకుంటున్నాను. మీరు కూడా ఈ బిడ్డనూ తల్లినీ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. ఈ తాతనూ.