రెండు వానల దీవి

మంచం మీద శ్రీలంక పటం పరుచుకుని కూర్చున్నాను. మొత్తం 65,610 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగానికి కాస్త ఎక్కువ. చూడటానికి వారం చాలులే అనుకున్నాను మొదట. కొండదారుల మెలికలు చూశాక ఆ లెక్క మార్చుకున్నాను.

ముందు తేలాల్సింది వాన. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు కొలంబో, గాలె వైపు తడుపుతాయి. అప్పుడు తూర్పున త్రింకోమలి పొడిగా ఉంటుంది. డిసెంబరుకల్లా ఈశాన్య గాలులతో వాన అటు మళ్లుతుంది. అంత చిన్న దీవిలో వానలు తీరాలు పంచుకోవడం ఎంత ముచ్చటైన ఏర్పాటు! పడమటి, దక్షిణ తీరాలు కావాలి కాబట్టి ఫిబ్రవరి ఖాయం చేసుకున్నాను.

సిగిరియా రాతికోట ఎలాగూ చూస్తాను. మనసు మాత్రం క్యాండీ దగ్గరే ఆగుతోంది. అక్కడి చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడిది నాయక వంశం. దాని వేర్లు మదురై నాయకుల దాకా, తెలుగు దాకా వస్తాయి. 1815లో బ్రిటిషువాళ్లు ఆయన్ని గద్దె దించి వేలూరు కోటకు పంపేశారు. ఆ కోట నేను చూశాను. ఇప్పుడు ఆయన వదిలి వచ్చిన ఊరు చూడాలి.

అనురాధపురానికి రెండు రాత్రులు రాసుకున్నాను. మన నాగార్జునకొండలో ఒకప్పుడు సింహళ విహారం ఉండేదని శాసనం చెబుతోంది. సింహళ భిక్షువుల కోసం కృష్ణ ఒడ్డున కట్టిన నీడ అది. అనురాధపురంలోని బోధివృక్షం దగ్గర ఒక సాయంత్రమంతా ఊరికే కూర్చుంటాను. అందుకోసం కొండల్లోని నువర ఎలియాని ఈసారికి కొట్టేశాను.